కాటా ముందు తెల్ల కారు

గేటు తాళం తీస్తుండగానే వాసన తగులుతుంది. పండిన మామిడి వాసన కాదు. రాత్రి షెడ్డులో పోసిన పచ్చికాయల ముచ్చికల దగ్గర ఎండిన జీడి, వరిగడ్డి, లారీ కింద కారిన డీజిలు, అన్నీ కలిసిన వాసన. మే నెల రెండో వారం, పొద్దున్న ఆరు. నూజివీడు ఊరు దాటి హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద కాస్త దూరం వచ్చాక కనిపించే మామిడి కమీషన్ కొట్లలో ఇదొకటి. బోర్డు మీద ఇంకా కృష్ణా జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్లో నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళిన సంగతి పెయింటరుకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా సీజన్లో ఆ నిచ్చెన ఎవరికి దొరుకుతుంది?

ఇక్కడ మీరు కాటా గుమస్తా. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు చీటీ మీద రాయడం మీ పని.

యార్డు ఒకసారి కళ్ళతో చుట్టి రండి, తర్వాత పనికొస్తుంది. దక్షిణాన రోడ్డు, రోడ్డు మీదికి గేటు. గేట్లోంచి ఉత్తరానికి తిన్నగా ఓ అరవై అడుగులు నడిస్తే కాటా. నేలకి సమంగా పరిచిన ఇనప ప్లేటు, మూడు మీటర్ల వెడల్పు. దానికి తూర్పున ఆఫీసు గది, ఆ గది కిటికీలో మీ కుర్చీ, ఎర్ర అంకెలు వెలిగే డబ్బా. ఇంకా ఉత్తరాన రేకుల షెడ్డు. అందులో ఒక పక్క బంగినపల్లి రాశి, ఒక మూల జ్యూసు ఫ్యాక్టరీకి వెళ్ళే కలెక్టరు కాయలు, గోడవారన ఎవరో ఇంటికని తీసిపెట్టుకున్న చిన్న రసాలు నాలుగు. కాటా దారికి పడమటి పక్కన చెట్టు.

పెద్ద రసం చెట్టది. ఒకప్పుడు ఇదంతా తోటే. తోట కొట్టేసి షెడ్డు వేసినప్పుడు ఈ ఒక్కదాన్ని నీడ కోసం వదిలేశారు. ఈ యార్డులో తూకం లేకుండా, చీటీ లేకుండా, కమీషన్ లేకుండా పంచుకునే సరుకు ఆ నీడ ఒక్కటే.

ఆరున్నరకి ఆటోలోంచి కాయ ఏరే ఆడవాళ్ళు దిగుతారు. నెత్తిన తువ్వాళ్ళు, చేతుల్లో క్యారేజీలు. ముఠా వాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున మోటారు సైకిళ్ళ మీద వస్తారు. బండ్లన్నీ చెట్టుకి పడమర, ప్రహరీ గోడ వెంబడి వరసగా పెడతారు. పొద్దున పూట నీడ అటే పడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, గీత గీయక్కర్లేదు, అంతా సర్దుకుపోతుంది.

ఏడున్నరకి తెల్ల కారు వస్తుంది.

క్యాషియరు గారిది. యాభై దాటిన మనిషి, యార్డులో అందరికీ బాబాయి గారు. సెకండ్‌హ్యాండ్ చిన్న కారే, కానీ రోజూ తడిగుడ్డ పడుతుంది దాని మీద. గేటు దాటగానే ఎడమకి తిప్పి, ముందుభాగం చెట్టుకేసి ఉండేలా ఆపుతారు. దిగుతారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని కొమ్మలకేసి చూస్తారు. మళ్ళీ ఎక్కి అడుగు వెనక్కి తీస్తారు. మళ్ళీ దిగి చూస్తారు. ఇంకో జానెడు వెనక్కి. హ్యాండ్ బ్రేకు లాగిన కిర్రుమనే చప్పుడు మీ కిటికీ దాకా వస్తుంది. ముందద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, క్యారేజీ పట్టుకుని ఆఫీసులోకి నడుస్తారు.

ఇప్పుడు కారెక్కడుందో చూడండి. ఎండలో. నీడేమో చెట్టుకి పడమటి పక్కన చల్లగా పరుచుకుని ఉంటే, కారు తూర్పు పక్కన, కొమ్మల అంచు దాటి, వెనక చక్రాలు కాటా దారిలోకి జొరబడి ఉంది. కొత్తగా చూసినవాడైతే కళ్ళు మూసుకుని పెట్టారా ఏమిటనుకుంటాడు.

ఈ యార్డులో అంత లెక్క కట్టి నిలిపిన బండి ఇంకోటి లేదు. నూజివీడు ఉన్నది సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, నిలువుగా పాతిన కర్రకి నీడే ఉండదు. ఆ వారం దాటి ఎన్నాళ్ళో కాలేదు. అంటే పన్నెండింటికి చెట్టు నీడ చెట్టు కిందే ముద్దగా ఉంటుంది. ఆ తర్వాత గంటగంటకీ తూర్పుకి జరుగుతుంది. ఒంటిగంటన్నరకి బానెట్టు మీదికొస్తుంది, రెండున్నరకి కారంతా కప్పేస్తుంది, నాలుగింటికి బాబాయి గారు తలుపు తీసేసరికి సీటు కూర్చునేలా ఉంటుంది. మరి నేరుగా చెట్టు కిందే పెట్టచ్చుగా? పెట్టరు. అక్కడ పెడితే తేనెమంచు పురుగు బంక చుక్కలు చుక్కలుగా అద్దాల మీద పడుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, ఏ తడిగుడ్డకీ లొంగదు. అదీగాక పెద్ద రసం కాయ అంతెత్తు నుంచి రాలి బానెట్టు మీద పడితే వచ్చే సొట్ట ఎలా ఉంటుందో ఆ కారు కుడిపక్క ఇప్పటికీ చూడచ్చు.

ఎండకి జడవడం అతి జాగ్రత్తేం కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టెంపేలో వేసవిలో చేసిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకి చేరింది, స్టీరింగు 53కి. నీడలో నిలిపినవాటిలో డాష్‌బోర్డు 48 దగ్గర ఆగింది. అలాంటి స్టీరింగు పట్టుకుని ఇంటికెళ్ళాల్సిన మనిషి, పొద్దున్న ఏడున్నరకే మధ్యాహ్నం సంగతి చూసుకున్నారంటే తప్పు పట్టలేం. పొద్దుటి ఎండలో కారు మాడితే ఆయనకేం, ఆయన అందులో లేరుగా.

తోటి ఉద్యోగి బండి అడ్డంగా పెడితే మన నోట ముందొచ్చే మాట ‘ఆలోచన లేని మనిషి’ అని. తెల్ల కారు విషయంలో ఆలోచనకేం కొదవ? అందులో సూర్యుడున్నాడు, పురుగుంది, రాలే కాయ ఉంది, కాలే వీపు ఉంది. ట్రాక్టరు మాత్రం లేదు.

ఎనిమిదింటికి మొదటి సరుకు వస్తుంది. ఆగిరిపల్లి వైపు నుంచి రెండు టాటా ఏస్‌లు. చిన్న బండ్లు, కారు పక్కనుంచి చటుక్కున తప్పుకుని ప్లేటెక్కి దిగిపోతాయి. చీటీలు రాసి చింపుతారు మీరు. టీ కుర్రాడు వచ్చి వెళతాడు. తొమ్మిది కాకముందే ఎండ కిటికీ ఎదురుగా ఇనప ప్లేటు మీదికొస్తుంది.

తొమ్మిదిన్నరకి అసలు ట్రాక్టరు. ముసునూరు తోటది. నాలుగు చక్రాల ట్రాలీ, నిండా బంగినపల్లి. పేరు నంద్యాల జిల్లాలోని ఊరిది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరు మీదే వచ్చింది, కాసింది మాత్రం ఇక్కడి చెట్టుకి. తెల్లారకముందే చిక్కాలు పట్టుకుని చెట్లెక్కిన సరుకు. రైతు ట్రాలీ ముందు కొక్కెం మీద కూర్చునే వచ్చాడు. పూత మీద నల్లతామర పడి సగం పోయిందనీ, ఈదురుగాలికి ఇంకో పావు రాలిందనీ, మిగిలింది ఇదేననీ దిగీదిగకుండానే చెబుతాడు. ఈ ఏడు ఎవర్ని కదిపినా ఇదే కథ, అయినా వినాలి.

డ్రైవరు గేట్లోంచి తిన్నగా రాబోయి కారు వెనకభాగం చూసి కుడికి కోస్తాడు. దాన్ని దాటాక మళ్ళీ ఎడమకి తిప్పి ప్లేటెక్కిస్తాడు. ఇంజను తిన్నగానే ఎక్కింది. ట్రాలీ అలా ఎక్కదు. మలుపులో ఇంజను వెళ్ళిన జాడలో ట్రాలీ వెళ్ళదు, లోపలి మూల కోసుకుంటూ వస్తుంది. మీరు కిటికీలోంచి చూస్తుండగానే ఎర్ర అంకెలు పైకి పరిగెత్తి, కాసేపు ఊగి, 6,180 దగ్గర నిలబడతాయి.

“అబ్బాయ్, ఇదేం తూకం?” రైతు కిటికీ దగ్గరికొచ్చాడు. “మొన్న వేరే కాటా మీద ఇంతకంటే తక్కువ సరుక్కే ఆరువేల మూడొందలు దాటింది.”

మీరు లేచి బయటికెళ్ళి వంగి చూస్తారు. ట్రాలీ ఎడమ వెనక చక్రం సగం ప్లేటు మీద ఉంది, సగం సిమెంటు గట్టు మీద కూర్చుంది.

కాటా అబద్ధమాడదు. తూనికలు కొలతల శాఖ వాళ్ళు ఏటా వచ్చి పరీక్షించి ముద్ర వేసి పోతారు. ప్లేటు కింద లోడ్ సెల్స్ మీద ఎంత పడితే అంతే చెబుతుంది అది. గట్టు మోసిన బరువు దానికి తెలీదు. సరుకు దింపాక ఇదే ట్రాలీ ఖాళీగా, తిన్నగా అవతలి వైపు నుంచి ప్లేటెక్కుతుంది, ఆ తూకం సరిగ్గా వస్తుంది. నిండు బరువు తగ్గి ఖాళీ బరువు తగ్గకపోతే మధ్యలో పోయేది కాయే. ఇక్కడ బేరం టన్నుల్లెక్కన. కారు బంపరుకీ రైతు జేబుకీ ఇలా లంకె పడింది.

“వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించు” అని డ్రైవరుకి చెప్పడం తేలికే. నాలుగు చక్రాల ట్రాలీని వెనక్కి తిన్నగా నడపడం అంత తేలిక కాదు. ముక్కు ఇటు తిప్పితే తోక అటు పోతుంది. పైగా ఈ పాటికి వెనకాల గేట్లో ఇంకో ట్రాక్టరు దూరింది, దాని వెనక ఇంకోటి రోడ్డు మీద ఆగింది, దాని వెనక ఆర్టీసీ బస్సు, బస్సు నిండా ట్రిపుల్ ఐటీ పిల్లలు. హారన్లు మొదలయ్యాయి.

హారన్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1997లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు అట్లాంటాలోని ఒక షాపింగ్ మాల్ దగ్గర పార్కింగులోంచి కార్లు తీసేవాళ్ళని గమనించి రాశారు. చోటు కోసం ఎవరూ కాచుకుని లేనప్పుడు మనిషి సగటున 32 సెకన్లలో బండి తీశాడు. ఎవరైనా కాచుకుని ఉంటే 39 సెకన్లు పట్టింది. కాచుకున్నవాడు హారన్ కొడితే 43. తొందరపెట్టినకొద్దీ ఆ చోటు మీద ప్రేమ పెరుగుతుందన్నమాట. నూజివీడు వాళ్ళకి ఈ పరిశోధన అక్కర్లేదు, కాటా కుర్రాణ్ణి లోపలికి పంపితే చాలు.

“బాబాయ్ గారూ, కారు కొంచెం...”

“ఆఁ, వస్తున్నా. ఐదు నిమిషాలు.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. సొరుగు తెరిచి ఉంది, లారీ ఓనరుకి ఇవ్వాల్సిన అడ్వాన్సు కట్టలు బల్ల మీదున్నాయి, బొటనవేలు నీళ్ళ స్పాంజి మీదుంది. సగంలో లేస్తే మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాలి. తాళంచెవి ఇంకొకరికిచ్చే అలవాటు లేదు. అందుకని ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలని గడియారంతో కొలవకండి.

రోడ్డు మీదైతే ఎవరి గేటుకీ అడ్డంగా బండి ఆపకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. గేటు లోపలికి ఆ నిబంధనా రాదు, చలానా రాసే కానిస్టేబులూ రాడు. లోపల నడిచేదంతా మొహమాటం మీదే.

ఈలోగా ట్రాలీ దగ్గరికెళ్ళి పై వరసలో చెయ్యి పెట్టి చూడండి. కాయ వెచ్చగా తగులుతుంది. కోసినంత మాత్రాన కాయ చచ్చిపోదు, ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఊపిరికి వేడి పుడుతుంది, వేడికి ఊపిరి పెరుగుతుంది, తొందరగా మెత్తబడుతుంది. పక్వానికొచ్చిన పచ్చి మామిడిని నిలవ ఉంచడానికి 13 డిగ్రీలు అనువంటారు. ఇక్కడ రేకు మీద గుడ్డు పగలగొడితే అట్టవుతుంది. మోతలో ముచ్చిక విరిగిన కాయల నుంచి జీడి జారి పక్క కాయ తొక్క మీద చార కడుతోంది. ఇప్పుడది గోధుమరంగులో కనీ కనపడకుండా ఉంది. సాయంత్రం లారీ ఎక్కి సుమారు 1,800 కిలోమీటర్లు పోయి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దిగేసరికి నల్లబడుతుంది. అక్కడివాడు వేలితో ఆ నలుపు చూపించి కాయని రెండో రకంలోకి తోసేస్తాడు. నూజివీడులో ఎవరి కారు ఎక్కడుందో వాడికెందుకు?

షెడ్డులో ఆడవాళ్ళు ఖాళీగా కూర్చున్నారు. వాళ్ళది రోజుకూలీ, డబ్బు తగ్గదు గానీ లోడు ఆలస్యమైతే ఇల్లు చేరేసరికి చీకటి. ముఠాకి ట్రేకింత అని లెక్క, ట్రే కదలకపోతే పైసా లేదు. మరి ఇంతమందికి ఇబ్బందిగా ఉంటే ఒక్కరైనా గట్టిగా అడగరేం? శనివారం సాయంత్రం చీటీలు చూసి డబ్బు చేతిలో పెట్టేది బాబాయి గారే. రైతు తీసుకున్న అడ్వాన్సు ఆయన పుస్తకంలోనే ఉంది. లారీ డ్రైవరు డీజిలు డబ్బు ఆయన సొరుగులోదే. కారు ఎవరికి అడ్డమో వాళ్ళెవరూ అడగలేరు. అడగగలిగినవాళ్ళ బండ్లు చెట్టుకి పడమర, గోడ వెంబడి, ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి. మీదీ అక్కడే ఉంది.

సలహాలకి మాత్రం కొరత లేదు.

“ఆరుగురం ఉన్నాం బాబూ” అంటాడు ముఠా మేస్త్రి, చేతులు దులుపుకుంటూ. “ఇంజను ముందుంది, వెనకంతా డొల్లే. ఒక్క ఊపు ఊపామంటే అటు తిప్పి పెట్టేస్తాం.” ఉత్త మాట కాదది, రోజూ లారీలు నింపే చేతులవి. కానీ ఎత్తేటప్పుడు బంపరు ఊడి చేతికొస్తే వేసవంతా ఆ బంపరు గురించే మాట్లాడుకోవాలి.

“టైర్లో గాలి తీసేద్దాం” అంటాడు ముఠాలో కుర్రాడు.

“గాలి తీస్తే కారు ఇక్కడే ఉంటుంది కదరా, సన్నాసీ” అంటాడు మేస్త్రి.

కాగితం మీద రాసి అద్దానికి అంటిద్దామని కాటా కుర్రాడు. అంటిస్తే ఆయనకంటే ముందు యార్డంతా చదువుతుంది, తర్వాత ఆయన అడిగేది రాసిన విషయం గురించి కాదు, రాసిందెవరని. షావుకారు గారికి ఫోన్ కొట్టండన్నా, అని షెడ్డులోంచి ఒకావిడ కేకేస్తుంది. షావుకారు నున్న మార్కెట్టుకి వెళ్ళారు. ఆయన ఒక్క మాటంటే కారు నిమిషంలో జరుగుతుంది. దాంతోపాటు క్యాషియరు బల్లా మీ బల్లా కూడా జరుగుతాయి, చెరో మూలకి, వచ్చే సీజను దాకా.

మీరు చీటీ పుస్తకం మూసి లేస్తారు. గుమ్మంలో నిలబడి అడిగితే మీరూ ఇంకో కాటా కుర్రాడే. లోపలికి వెళ్ళి ఆయన బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చోండి.

“బాబాయ్ గారూ, ఆ కట్ట పూర్తిచెయ్యండి, ఆగుతాను. అయ్యాక ఒక్కసారి నాతో కాటా దగ్గరికి రావాలి.”

“ఏమైందోయ్?”

“తూకం తేడా వస్తోంది.”

వేలు ఆగింది. కారు తియ్యమంటే అది ఆయన చెవికి మర్యాద సంగతి, అందుకే ఐదు నిమిషాలు పడుతుంది. తూకం తేడా అంటే పుస్తకం సంగతి. పాతికేళ్ళుగా ఆ పుస్తకంలో కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉంది. ఆయన గబగబా కట్టకి రబ్బరు బ్యాండు వేసి, సొరుగు తాళం పెట్టి, రెండుసార్లు లాగి చూసుకుని, చెప్పులేసుకుంటారు.

బయట అందరూ చూస్తున్నారు. కారు ఊసెత్తకండి. ట్రాలీ ఎడమ వెనక చక్రం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టండి, అంతే.

ఆయన వంగి చూశారు. చక్రం, గట్టు. నేల మీద దుమ్ములో టైర్ల జాడ కుడికి వంగి మళ్ళీ ఎడమకి తిరిగిన వంపు. ఆ వంపు మొదలైన చోట తెల్లటి బంపరు. ఈ సమయంలో ఆయన మొహంలోకి చూడకండి. అంకెల డబ్బాకేసి చూడండి, రైతు చెప్పేది వినండి, ఏదో ఒకటి చెయ్యండి.

“పొద్దున్నే చెప్పచ్చు కదటోయ్.”

చెప్పాంగా అనే మాట నాలిక చివరిదాకా వస్తుంది. కాటా కుర్రాడు నోరు తెరిచాడు కూడా. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

జేబులోంచి తాళంచెవి వచ్చింది. కారు జరిగి గేటు పక్కన తూర్పు గోడవారకి, ఎండలోకి పోయింది. గేట్లో ట్రాక్టరు రోడ్డెక్కి చోటిచ్చింది, ముసునూరు ట్రాలీ అటూ ఇటూ ఊగుతూ వెనక్కొచ్చి, ఈసారి తిన్నగా ప్లేటెక్కింది. అంకెలు పరిగెత్తి 6,340 దగ్గర నిలబడ్డాయి. రైతు వేళ్ళ మీద లెక్క కట్టుకుంటున్నాడు. బాబాయి గారు మనసులోనే కట్టేశారు. నూట అరవై కిలోలు.

“ఇంతకుముందు ఎక్కినవి?” అన్నారు మీ చెవి దగ్గర, చిన్న గొంతుతో.

“ఏస్ బండ్లే. నాలుగు చక్రాలూ ప్లేటు మీదే ఉన్నాయి.”

“నిన్న?”

“నిన్నా అంతే. పెద్ద ట్రాలీ సీజన్లో ఇదే మొదలు.”

ఆయన తలూపి లోపలికెళ్ళారు. ఇంత తొందరగా తెమిలిందా అనుకుంటున్నారేమో. తెమల్లేదు. పదకొండింటికి ఆయన కిటికీలోంచి ఎండలో ఉన్న కారుకేసి చూశారు. పన్నెండింటికి మళ్ళీ చూశారు. మీతో మాట్లాడాల్సినవి కాటా కుర్రాడి చేత చెప్పించారు. రేపు పొద్దున్న ఏడున్నరకి ఆ కారు ఎక్కడుంటుందో ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే ఆయనకి కావలసింది చోటు కాదు, నీడ. ఇంత యార్డులో చోట్లు బోలెడున్నాయి. మధ్యాహ్నం మూడింటికి నీడ ఉండే చోట్లు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఒకటుంది. ఆఫీసు గదికి తూర్పు పక్క. మధ్యాహ్నం తిరగ్గానే గది నీడ అటే పడుతుంది. అక్కడ బంక లేదు, రాలే కాయ లేదు, ఏ బండికీ దారి కాదు. కానీ అక్కడ మనిషెత్తున ఖాళీ ట్రేలున్నాయి. పెట్టింది ముఠా వాళ్ళు. షెడ్డుకి దగ్గర, చేతికి అందుబాటు, అందుకని. ఆ మాటకొస్తే వాళ్ళూ తమ ట్రేలని అక్కడ పార్కు చేసినట్టే.

“ట్రేలు గోడ దగ్గరికి మారిస్తే మాకు ఒక్కో మోతకీ పాతిక అడుగులు ఎక్కువ నడక” అన్నాడు మేస్త్రి, మీరు ఆ మాటెత్తగానే. “ఆ నడక ఎవరిస్తారు బాబూ?”

ఇలాంటప్పుడు న్యాయం మాట్లాడితే పని కాదు, కొలత మాట్లాడాలి. జాతీయ భవన నియమావళి కారొక్కటికి 13.75 చదరపు మీటర్లు వదలమంటుంది. మేస్త్రి ఆ నియమావళి చూడలేదు. తెల్ల కారు దగ్గరికెళ్ళి బారలతో పొడుగు కొలిచి, జానలతో వెడల్పు కొలిచి, తలుపు తెరుచుకునేంత వదిలి, ట్రేల వరసలో సరిగ్గా అంత కన్నం చేస్తానన్నాడు. మిగతా ట్రేలు అక్కడే ఉంటాయి. బాబాయి గారు తలుపు ఒకవైపే తెరుచుకోవాలి. పుస్తకంలోంచి తలెత్తకుండానే ఆయన అన్నారు: “డ్రైవరు వైపు తెరుచుకుంటే చాల్లే.” పొద్దుటి తూకం తర్వాత మీతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

భోజనాలయ్యాక ముఠా కుర్రాళ్ళు ట్రేలు జరిపారు. పొద్దున్న గాలి తీద్దామన్నవాడే కారుని వెనక్కి, వెనక్కి, చాలు అంటూ చేతులూపి పెట్టించాడు. మేస్త్రి తొట్లో సున్నం కలిపి, కొబ్బరి పీచుతో గేటు నుంచి కాటా దాకా దారికి రెండు పక్కలా గీతలు లాగాడు. వంకరగా వచ్చాయి. వంకరైనా గీత గీతే.

రెండున్నర. చెట్టు నీడ తూర్పుకి జరిగి, పడమటి గీత దాటి, దారి మీద పడింది. ఆ నీడలో ఎవరూ లేరు. షెడ్డులో కాగితం ముక్కలు పరిచి, కాయ మీద కాయ ఆడవాళ్ళ చేతుల్లోంచి ట్రేల్లోకి వెళ్తోంది. లారీ వెనక తలుపు దించి ఉంది.

మూడింటికి నున్న నుంచి షావుకారు గారి పెద్ద కారు వచ్చింది. ఆయన కాటా ముందు దిగి, ఫోన్ చెవికి ఆనించుకునే లోపలికెళ్ళారు. డ్రైవరు చుట్టూ చూశాడు. యార్డు మొత్తానికి చల్లని చోటు ఎదురుగా ఖాళీగా ఉంది. తీసుకెళ్ళి సరిగ్గా గీత మీద, నీడ నడుమ నిలిపి, సీటు వెనక్కి వాల్చాడు.

షెడ్డులో మాటలు ఆగాయి. మేస్త్రి మీకేసి చూశాడు. మీరు గేటుకేసి చూశారు. గేట్లో చాట్రాయి ట్రాక్టరు ముక్కు కనపడుతోంది, వెనకాల నాలుగు చక్రాల ట్రాలీ. షావుకారు డ్రైవర్ని కదలమనే మనిషి ఈ యార్డులో ఎవరు?

క్యాషియరు గది సొరుగుకి తాళం పడిన చప్పుడైంది. రెండుసార్లు లాగి చూసిన చప్పుడు. చెప్పులు.

“ఏమోయ్, గీత కనపళ్ళేదూ? అది కాటా దారి.”

“ఐదు నిమిషాలు బాబాయ్ గారూ, సారు వెంటనే బయల్దేరతారు.”

“ఐదు నిమిషాలంటే ఎంతో నాకు తెలుసులే. తియ్యి.”

డ్రైవరు సీటు లేపి, గొణుక్కుంటూ, కారుని గేటు పక్క ఎండలోకి తీశాడు. షావుకారు ఫోన్ జేబులో పెట్టుకుంటూ బయటికొచ్చి, చెట్టుకేసి చూసి, చుట్టూ చూసి, కారేదయ్యా అన్నారు.

“తూకం తేడా వస్తోందండీ” అన్నారు బాబాయి గారు, అదే గొంతుతో, అంకెల డబ్బా చూపిస్తూ.

షావుకారు ఇంకేమీ అడగలేదు. జేబురుమాలు నెత్తిన వేసుకుని ఎండలోకి నడిచారు. చాట్రాయి ట్రాక్టరు తిన్నగా వచ్చి ప్లేటెక్కింది. నాలుగు చక్రాలూ మీద ఉన్నాయా, వంగి చూడండి. ఉన్నాయి. చీటీ రాయండి.